ఐదు లీటర్లు

మా ఫారో దీవుల్లో వానకి
ముప్పై ఏడు పేర్లున్నాయట, మా అత్త లెక్క.
అన్నీ వాడేశాను.
సన్నవాన, పక్కవాన, కింది నుంచి పైకి కొట్టే వాన,
గొర్రె కూడా లెక్కచేయని వాన.
చేపల ఫ్యాక్టరీలో సాల్మన్ పొట్టలు చీరుతూ
పొద్దున్నే అందరం మొదలెట్టేది దానితోనే.
ఆ తర్వాత ఉన్ని ధర.
ఆ తర్వాత ఎవరిదో ఒకరి మోకాలు.

నాకేం చిన్నచూపు లేదు.
నా బిడ్డకు జ్వరం కాసిన రాత్రి
సూపు గిన్నెతో మెట్లెక్కి వచ్చినవి ఆ మోకాళ్ళే.

అయినా ఇంటికొచ్చేసరికి
కడుపు నిండి ఉండేది, ఆకలి తీరేది కాదు.
ఆ రెండూ ఒకటి కావని
ఎవరికి చెప్పను, ఏ వాన పేరుతో చెప్పను?

అప్పట్లో రెండు దీవుల మధ్య పడవ తిరిగేది.
నలభై నిమిషాలు.
టికెట్లు చింపే హెర్గైర్ ఒకరోజు
నా టికెట్టు చింపకుండా చేతిలో పట్టుకునే అడిగాడు:
"పొగమంచులో హారన్ మోగుతుంది చూడు, స్వాన్‌హిల్డ్,
ఆ చప్పుడు ఉండేది హారన్‌లోనా,
నీ చెవిలోనా,
మధ్యలో ఎవరూ లేని నీళ్ళమీదా?"

రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాను.
జారిపోతానని కాదు.
ఇన్నేళ్ళూ నా తలలో ఒంటరిగా తిరిగిన మాట
ఇంకొకరి నోట్లోంచి, పొగాకు వాసనతో సహా,
బయటికి రావడం చూసి.

మూడు శీతాకాలాలు మాట్లాడుకున్నాం.
నిన్నకీ ఇవాళకీ కుట్టు ఎక్కడ పడుతుంది?
మరిచిపోయిన పేరు, గుర్తొచ్చేదాకా, ఎక్కడ కూచుంటుంది?
ఒంటరిది దీవా,
ఇన్ని దీవుల్ని పెట్టుకుని ఒక్కదానితోనూ మాట్లాడని సముద్రమా?
ఒక్కటీ తేల్చలేదు.
తేల్చడానికి కాదు మాట్లాడింది.
పడవ తేలుతోంది కదా, అది చాలు.

మా ఆయన హానుస్ మంచివాడు.
"ఏం ఆలోచిస్తున్నావ్?" అంటాడు.
చెప్తే, "దానివల్ల ఏంటి ఉపయోగం?" అంటాడు
ప్రేమగానే, బంగాళాదుంపల తొక్క తీస్తూ.
ఏమీ లేదు హానుస్.
తొక్కకీ దుంపకీ మధ్య సన్నగా తడి ఉంటుంది చూడు,
కత్తికి అంటుకుని పోయేది.
నేనుండేది అక్కడ.

తర్వాత సముద్రం కింద సొరంగం తవ్వారు.
బ్యాండు, కేకులు, మంత్రిగారి కత్తెర.
నలభై నిమిషాలు పదకొండయ్యాయి.
ఊరంతా మిగిలిన ఇరవై తొమ్మిదీ లెక్కపెట్టుకుని మురిసింది.
నాకు పోయినవి మాత్రం నలభై.

సొరంగంలో రేడియో పలకదు.
నెత్తిమీద సముద్రం ఉంటుంది,
సముద్రం మీద పడవ ఉండదు.
అద్దానికి వాన తగలదు.
వాన లేని చోట, నవ్వొస్తుంది,
మాట ఎలా మొదలెట్టాలో నాకూ తెలియదు.

అవతలి ఒడ్డున పెట్రోలు బంకులో
హెర్గైర్‌కి పని దొరికిందని ఆలస్యంగా తెలిసింది.
మొదటిసారి వెళ్ళి ట్యాంకు నింపమన్నాను.
ఎంత తెలివితక్కువ పని!
పదిహేను రోజులు మళ్ళీ వెళ్ళడానికి సాకు లేకపోయింది.

ఇప్పుడు ఐదు లీటర్లే.
రోజు విడిచి రోజు.
మొన్న హానుస్ బానెట్ ఎత్తి చూసి
"బండి బాగా తాగుతోందే" అన్నాడు.
బండి కాదు, అందామనుకుని
"అవును, పాతదయింది" అన్నాను.

ఇవాళ హెర్గైర్ గొట్టం పట్టుకుని
మీటరు మీద అంకెల్ని చూస్తూ అంటున్నాడు:
"నాలుగు దాటింది, ఐదు కాలేదు.
ఈ మధ్యలో ఉన్నదాన్ని ఎవరూ కొనరు,
కానీ ఇది లేకుండా ఐదు రాదు..."
వెనక బండివాడు విసుగ్గా హారన్ కొట్టాడు.

ఇద్దరం ఒకేసారి తలెత్తాం,
వాడి వంక కాదు.
ఆ చప్పుడు ఎక్కడుందా అని.